మా అక్క వేలిముద్ర

చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఓర్వకల్లు దగ్గర నాది చిన్న పిండిమర. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో వారానికి ఒకరైనా గంప దించి, బ్యాంకులో పోయిన మీ అక్క దుడ్లు తిరిగొచ్చినాయంట గదా, ఎట్ల అని అడుగుతారు. మర శబ్దానికి మించి గొంతు పెంచి మొదటి నుంచీ చెప్పాలి. సగం చెప్పేసరికి వాళ్ల పిండి అయిపోతుంది, వెళ్లిపోతారు. అసలు సంగతి ఆ మిగిలిన సగంలో ఉంటుంది. ఒకసారి మొత్తం రాసి పెడితే, అడిగినవాళ్ల చేతిలో పెట్టవచ్చు. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్లు కొందరు ఇంకా అదే కౌంటర్లో కూర్చుని ఉన్నారు, నాకు వాళ్లతో ఇంకా పని ఉంది.

నా చదువు ఏడో తరగతి. మిగిలినదంతా మా శాఖా గ్రంథాలయంలో చదివిందే. కరెంటు పోయి మర ఆగినప్పుడల్లా అక్కడికి వెళ్తాను. అక్కడ కూర్చునేవాళ్లంతా ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు. వాళ్లు పక్కన పెట్టేసిన పుస్తకాలు నేను చదువుతాను. బ్యాంకు పరీక్షల పుస్తకంలో, ఫోన్లూ మిషన్ల ద్వారా జరిగే చెల్లింపుల్లో మోసం జరిగితే ఖాతాదారుకు ఉండే రక్షణ గురించి ఒక పాఠం ఉంది. దాన్ని శ్రద్ధగా చదివాను. ఏ పరీక్షకప్పా అని గ్రంథపాలకుడు అడిగితే, ఏ పరీక్షకూ కాదు సార్ అన్నాను. అట్లా అనడం నాకు గొప్పగా ఉండేది.

మా అక్క నాకన్నా చాలా పెద్దది. బావ పోయిన తర్వాత బేతంచెర్లలో నాపరాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీలో చేరింది. తడి బండలు తిప్పడం, రాతి బురద తుడవడం ఆమె పని. ఏళ్ల తరబడి ఆ పని చేసి, వేళ్ల కొసలు ఆ బండల్లాగే నున్నగా అయిపోయాయి. రేషన్ స్టోరులో బియ్యానికి వేలు పెడితే మిషన్ ఏ నెలా పట్టేది కాదు. అక్క వేలు తలకు రుద్దుకునేది, కొంగుతో తుడుచుకునేది, మళ్లీ పెట్టేది. వెనక వరుసలో వాళ్లు గొణిగేవాళ్లు. చివరికి మిషన్‌కు కన్ను చూపించి బియ్యం తెచ్చుకునేది.

రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ పని మానేసి బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వేసే తోపుడు బండి పెట్టుకోవాలని ఆమె కోరిక. బండి కూడా చూసి పెట్టుకుంది. దానికోసం కూడబెట్టిందంతా బ్యాంకులోనే ఉండేది.

ఒక ఆదివారం శనగపిండి కోసం మర దగ్గరికి వచ్చింది. ఫోన్ నిండిపోయిందంట, మెసేజీలన్నీ తీసెయ్‌రా అని నా చేతికిచ్చింది. బ్యాంకు నుంచి వచ్చేవన్నీ అప్పు తీసుకోమని అడిగేవే అనుకుని ఆమె ఏదీ చూసేది కాదు. తీసేస్తూ చదివాను. శుక్రవారం నాడు ఆధార్ వేలిముద్రతో ఎవరో ఖాతా మొత్తం ఖాళీ చేశారు. అక్క ఆ రోజంతా ఫ్యాక్టరీలోనే ఉంది.

నాకు పాఠం గుర్తుకొచ్చింది. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాళ్లు మోసం చేసి డబ్బు తీస్తే, మెసేజీ అందిన మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడదు. ఆలస్యమైతే కొంతైనా పడుతుంది. ఖాతాదారుదే తప్పు అంటే, దాన్ని నిరూపించాల్సింది బ్యాంకే. ముందురోజు రెండో శనివారం. అంటే మాకు సోమ, మంగళ, బుధవారాలు ఉన్నాయి. అప్పుడే బ్యాంకు నంబరుకు ఫోన్ చేశాను. ఇది నొక్కు, అది నొక్కు అని చెప్పి చెప్పి, చివరికి మీ శాఖకు వెళ్లండి అంది ఆ గొంతు.

సోమవారం అక్కతో బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్ చూసి, ఉత్తరాన ఎక్కడో ఊర్లో తీసినట్లుందని చెప్పాడు.

"ఏలు పెట్టకుండా దుడ్లు ఎట్ల వస్తాయమ్మా? నీ ఏలేనని ఈడ చూపిస్తాండాది."

ఫిర్యాదు రాసుకోవాలంటే ముందు ఆమె ఆమేనని తేలాలి, వేలు పెట్టమన్నాడు. పెట్టింది. పట్టలేదు. తలకు రుద్దుకుని పెట్టింది, తడిగుడ్డతో తుడుచుకుని పెట్టింది. పట్టలేదు. చేతులు నయం చేసుకుని రమ్మన్నాడు. అప్పుడు నేను ముందుకు వెళ్లి పాఠం మొత్తం అప్పజెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు.

"ఏమప్పా, నువ్వు లాయరువా?"

"కాదు సార్, పిండిమర."

"మీ మర కాడికొచ్చి జొన్నలెట్ల పట్టాల్నో మేము చెప్తాండామా?"

వరుసలో నిలబడినవాళ్లు నవ్వారు. అక్క కూడా కొంచెం నవ్వింది. అది నాకు ఎక్కువ కష్టమనిపించింది.

మంగళవారం నెట్‌వర్క్ లేదు. మేనేజరు మీటింగులో ఉన్నాడు. సాయంత్రం దాకా గోడవార కూర్చుని వచ్చేశాం. అక్కకు రెండు రోజుల కూలి పోయింది. నేను నేరుగా గ్రంథాలయానికి వెళ్లాను. పరీక్షకు చదువుకుంటున్న ఒకమ్మాయి ఆ పాఠానికి ఆధారమైన అసలు ఉత్తర్వు ఫోన్లో వెతికి, ప్రింటు తీయించి ఇచ్చింది.

బుధవారం మేనేజరు దొరికాడు. ఆయన కూడా అలసిపోయినట్టే ఉన్నాడు. ప్రింటు చూసి, ఇది మాకు తెలిసిందేనప్పా అన్నాడు. రాసుకొచ్చిన అర్జీ ముందు పెట్టి, తెలిస్తే దీన్ని తీసుకున్నట్టు సీలు వేయండి సార్ అన్నాను. పద్ధతి ప్రకారం వేలు పడాలని మిషన్ తన గదికే తెప్పించాడు. పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ పట్టలేదు.

అక్క చేయి ఒళ్లో పెట్టుకుని మెల్లగా అడిగింది. "మీకాడ పట్టని ఏలు, ఆ ఊర్లో ఎట్ల పట్టింది సార్?"

మేనేజరు తలెత్తి చూశాడు. నేను కూడా ఆమె వైపు చూశాను. అన్నీ చదివానని తిరిగే నాకు మూడు రోజులుగా ఆ మాట తట్టలేదు. నేను గడువు లెక్కలోనే ఉన్నాను. ఆయన మిషన్ పక్కకు జరిపి, మా అర్జీ మీద వేలిముద్ర పట్టడం లేదని రాసి, తేదీతో సీలు వేశాడు.

బయట మెట్ల మీద కూర్చుని, దుడ్లు వచ్చినట్లేనా అని అడిగింది.

"లేదక్కా. అడిగినామని రుజువొచ్చింది."

"దీనికేనా మూడు దినాలు?" అంది.

పది పనిదినాల్లో తాత్కాలికంగానైనా ఖాతాలో జమ చేయాలని ఉత్తర్వులో ఉంది. చేయలేదు. తోపుడు బండి ఇంకొకరికి అమ్ముడుపోయింది. నేను మళ్లీ మళ్లీ వెళ్లాను. వెళ్లినప్పుడల్లా పైకి పంపామన్నారు. నెల దాటాక, బ్యాంకుల మీది ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు ఫోన్లోనే అర్జీ పెట్టాను. పోలీసులకూ ఫిర్యాదు ఇచ్చాం. ఏదో కాగితం మీది వేలిముద్రను దొంగలు జిగురుతో అచ్చు తీసి ఉంటారని వాళ్లన్నారు. ఫ్యాక్టరీలో చేరకముందు, మెట్ట చేను అమ్మినప్పుడు అక్క చాలా కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఎవరు ఎక్కడి నుంచి తీసుకున్నారో ఇప్పటికీ తెలియలేదు. డబ్బు తీసింది గీతలు అరగని ఆమె పాత వేలు అన్నమాట. అది విని అక్క చేయి తిప్పి చూసుకుంది.

"పోనీలేరా, యాడనో ఒక తావ అది బాగనే ఉండాదిలే" అంది.

దగ్గు పెరిగి ఆమె ఫ్యాక్టరీ మానేసింది. మా ఇంట్లో పొయ్యి, మా ఆవిడ గిన్నెలు తెచ్చి, మర పక్కన రేకుల కింద ఉగ్గాని మొదలుపెట్టింది. బండి లేదు, బస్టాండు లేదు. పిండి పట్టించుకునేవాళ్లే తినిపోతారు.

చలికాలంలో ఒక రోజు డబ్బు ఖాతాలో పడింది. ఉత్తరం లేదు, ఫోన్ లేదు, ఒక మెసేజీ వచ్చిందంతే. నేను చదివి వినిపించాను. అక్క బజ్జీలు తిప్పుతూ తలూపింది. మేమిద్దరం సంతోషించాల్సింది, కానీ అప్పటికి ఓపిక అయిపోయింది.

ఆ తర్వాతి నెల స్టోరుకు ఆమెతో నేనూ వెళ్లాను. అలవాటుగా వేలు తలకు రుద్దుకుని పెట్టింది. మిషన్ ఒక్కసారికే పట్టింది. రాతి పని మాని నెలలు కావడంతో గీతలు మళ్లీ వచ్చాయి. స్టోరాయన, ఏమక్కా, వయసు తిరిగొచ్చింది అన్నాడు. అక్క మాత్రం పెనం తగిలినట్టు చేయి వెనక్కి లాక్కుంది.

"రేయ్, ఇంగ ఈ ఏలును కూడా ఎవరన్నా ఎత్తుకపోతారు గదా" అంది దారిలో.

ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసే ఏర్పాటు ఉందని నేను చదివాను. ఆ సాయంత్రమే ఫోన్లో వేశాను. తాళం వేస్తే స్టోరులోనూ పనిచేయదు. అందువల్ల ప్రతి నెలా తాళం తీయాలి, ఆమె బియ్యం తీసుకోవాలి, మళ్లీ వేయాలి. ఈ పని నాకు జీవితాంతం ఉన్నట్టే.

సాయం చేసినవాళ్లకు దండాలు. పేర్లు రాయనన్నాను కాబట్టి వాళ్లే గుర్తుపట్టుకోవాలి. పాఠం ఫోటోకాపీ చేసుకోనిచ్చిన గ్రంథపాలకుడికి. తన చదువు ఆపి ఉత్తర్వు వెతికిన అమ్మాయికి, ఆమెకు ఉద్యోగం రావాలి. భోజనం వేళ దాటినా సీలు వేసిన మేనేజరుకు, ఆయనకు బదిలీ అయిందట. గిన్నెలు తిరిగి అడగని మా ఆవిడకు. వెనక వరుస గొణుగుతున్నా, నేను తాళం తీసేదాకా మిషన్ పట్టుకుని నిలబడే స్టోరాయనకు.