షెడ్డు వెనక డీజిల్ డ్రమ్ములు

భూమిని వేడెక్కించే పొగ ఒమన్‌లో ఏటా ఎంత తగ్గుతోందో లెక్కగట్టి చెప్పాలి. అందుకోసం కంపెనీల నుంచి అంకెలు రాబట్టడం నా ఉద్యోగం. ఆఫీసు అల్ ఖౌద్‌లో. అంకెలు నా మాట వింటాయి, మనుషులే వినరు.

అల్ అమెరాత్‌లో ఒక లేబర్ క్యాంపుకు సోలార్ పలకలు బిగించారు. అయినా జనరేటర్ పుస్తకంలో నెలల తరబడి రోజూ అదే డీజిల్. ఒక్క లీటరు తగ్గలేదు. ఇలాగే పైకి పంపితే సోలార్ దండగ అంటారు, ఇంకో క్యాంపుకు ఇవ్వరు. నాకు ఒళ్లు మండింది. బండేసుకుని వెళ్లాను.

జనరేటర్ చూసుకునేది జగిత్యాల వైపు పెద్దాయన. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"రోజూ ఒకే అంకె ఎలా వస్తుంది? కళ్లు మూసుకుని రాస్తున్నారా?"

"తక్కువ రాస్తే కంపెనోళ్లు డీజిల్ తక్కువనే పంపుతరు మేడం. ఎండకాలం పలకల మీద దుమ్ము పడ్డప్పుడు డీజిల్ లేకుంటే ఏసీ బంద్ అయితది. రూమ్‌కు ఎనిమిది మందిమి."

"మరి మిగిలిన డీజిల్ ఏమైంది?" అని నిలదీశాను. అమ్ముకున్నాడేమోనని నా అనుమానం, ఆ మాట దాచడమెందుకు.

నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. నీడలో వరసగా డ్రమ్ములు, ఒక్కోదాని మీద సుద్దతో నెల పేరు. సోలార్ మిగిల్చిందంతా అక్కడే ఉంది. నాకు సిగ్గేసింది.

ఇద్దరం కర్ర ముంచి డ్రమ్ములన్నీ కొలిచాం. నిజం అంకెలు దొరికాయి. కానీ అవి పంపితే ఆయన భయమే నిజమవుతుంది. అందుకని ముందు క్యాంపు మేనేజరు ఎదుట కూర్చున్నాను. పుస్తకంలో ఎంత తగ్గినా డీజిల్ ట్యాంకును సగం కంటే కిందికి పోనివ్వబోమని రాసి సంతకం పెడితేగానీ లేవనన్నాను. మేనేజరు విసుక్కున్నాడు, రెండుసార్లు చాయ్ తెప్పించాడు, చివరికి పెట్టాడు.

ఆ కాగితం పెద్దాయన నాతో రెండుసార్లు చదివించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం తెరిచి ఆ రోజు కాలినంతే రాశాడు.

నివేదిక వెళ్లింది. అందులో ఆ క్యాంపుది ఒక చిన్న అంకె. నాకెంత సంతోషమైందో, వెంటనే పెద్దాయనకు ఫోన్ చేసి, మీ డ్రమ్ములు దేశం లెక్కలోకి ఎక్కాయని చెప్పాను.

"మంచిగైంది మేడం. మా రూమ్‌ల ఏసీ గూడ నడుస్తుంది. ఆ ముచ్చట రాసిన్రా?"

రాయలేదు. నివేదిక ఫారంలో దానికి గడి లేదు. ఇక్కడ రాస్తున్నాను.