పైకీ కిందికీ ఈదిన చేప

మాది దుమ్ముగూడెం. నాన్న గోదావరిలో వల వేస్తాడు, అమ్మ బజార్లో చేపలు అమ్ముతుంది, నేను ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మలు చేస్తాను. ఇప్పుడింత ధీమాగా చెప్తున్నాను గానీ, ఆ పని నాకు దక్కుతుందో లేదో తేలాల్సిన రోజొకటి వచ్చింది.

హైదరాబాద్‌లోని ఒక యానిమేషన్ కంపెనీ, ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. నీళ్లలో ఈదే చేపను చేసి అదే రోజు సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. చదవగానే నవ్వొచ్చింది. చేపలు పట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకా చేప పరీక్ష అనుకున్నాను. ఆ ఉద్యోగం రాకపోతే పాల్వంచలో బట్టల షాపులో చేరాలని ఇంట్లో ముందే ఒప్పందం. అందుకని నవ్వుతూనే లోపల భయపడ్డాను కూడా.

మధ్యాహ్నానికి బొచ్చె చేప తయారైంది. దాన్ని కదిలించడానికి వేవ్ అనే టూల్ ఉంది. ఏ బొమ్మకు తగిలించినా దాని ఒంట్లోంచి అల పోతుంది. అల ఎంత ఎత్తో, ఎంత వేగమో మనం అంకెల్లో చెప్పాలి. చెప్పాను. చేప ఒళ్లంతా పైకీ కిందికీ ఊగుతూ, తోకతో టపటపా కొడుతూ స్క్రీన్ మీద సాగిపోయింది. నా కళ్లకైతే ఎంత ముద్దొచ్చిందో.

నాన్న అప్పుడే అన్నం తిని వాకిట్లో చిరిగిన వల కుడుతున్నాడు. మెచ్చుకుంటాడని ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ముందు పెట్టాను. కాసేపు చూశాడు.

"ఏంది బిడ్డా, ఇది సస్తాందా?"

"సచ్చుడేంది నాయినా, ఈదుతాంది."

"ఈత గిట్లుంటదా? ఒడ్డు మీద పడేస్తె గిట్ల కొట్టుకుంటది."

నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటి నుంచి చేపల మధ్యే పెరిగాను, నాకు తెలియదా అని గొడవకు దిగాను.

"యాడ చూసినవ్?" అన్నాడు, తలెత్తకుండానే.

"గంపలో" అనబోయి ఆగిపోయాను. నిజమే. నన్నెప్పుడూ పడవ ఎక్కనివ్వలేదు. నేను చూసిన చేపలన్నీ గంపలో పక్కకు పడి, ఊపిరాడక ఎగిరెగిరి పడినవే. బురదనీళ్లలో అవి ఎలా ఈదుతాయో ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నేళ్లూ వాటి చావునే ఈత అనుకున్నాను. చాలా సిగ్గేసింది.

నాన్న వల పక్కన పెట్టి అరచేతిని నిలువుగా పట్టాడు. "తోక గిట్ల పక్కలకు ఆడాలె. తలకాయ నిలకడగుండాలె. తల ఊపుకుంట పోతె అది చేప కాదు, పాము." చేతిని గాలిలో మెల్లగా ముందుకు పోనిచ్చాడు. వేళ్ల చివర్లు మాత్రమే అటూ ఇటూ కదిలాయి. మళ్లీ మళ్లీ చూపించమన్నాను. విసుక్కోకుండా చూపించాడు.

చిక్కేమిటంటే, ఆ టూల్ అలను పైకీ కిందికీ తప్ప వేయదు. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక దారి దొరికింది. ముందు చేపను గంపలో పడినట్టే పక్కకు పడుకోబెట్టి, అప్పుడు అల వేశాను. తల దగ్గర అల తగలకుండా తగ్గించాను. తర్వాత ఆ అలతో సహా చేపను వీపు పైకి వచ్చేలా తిప్పితే, పైకీ కిందికీ ఉన్న ఊపు పక్కలకు మారింది. తోక పక్కలకు ఆడిస్తూ బుద్ధిగా ముందుకు పోయింది. ఆరుకు పది నిమిషాలుందనగా పంపేశాను.

నాలుగు రోజులకు ఫోన్ చేసి చేర్చుకుంటున్నామన్నారు. పిల్లల కార్యక్రమం కోసం చేపల గుంపును చేయడం నా మొదటి పని. పరుగున వెళ్లి చెప్పాను. ఏటి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాన్న, విని పడీ పడీ నవ్వాడు.

"నీ చేతులకు నీసు కంపు అంటొద్దని సదివిస్తే, మల్ల చేపల కాడికే వస్తివా బిడ్డా?"

"అవ్ నాయినా, చేపలే."

తడి చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏం వాసన లేదు," అన్నాడు మెల్లగా. చాలాసేపటి వరకు వదల్లేదు.