చెరువు గట్టు మీద రెండు జతల స్పీకర్లు

మా ఇంట్లో అందరికీ ఉన్న భయం ఒక్కటే: నిశ్శబ్దం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకి ఈ ముక్క చాలు. మిగతావాళ్ళకి కాస్త చెప్పాలి. చెరువులో నీళ్ళని చిలుకుతూ గాలి కలిపే యంత్రాలను ఏరియేటర్లంటారు. అవి తిరుగుతున్నంతసేపే రొయ్యకి ఊపిరి. ముదిరిన పంటలో అవి ఆగి, ఎవరూ చూసుకోకపోతే కాసేపట్లోనే రొయ్య నీటి పైకి తేలుతుంది. ఇంకా ఆలస్యమైతే చెయ్యడానికి ఏమీ ఉండదు. అందుకే మా నాన్నగారు ఏరియేటర్ల మోతలో హాయిగా గురకపెడతారు, మోత ఆగితే లేచి కూర్చుంటారు. పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినా ఉలిక్కిపడతారు.

అలాంటి ఇంట్లో పుట్టి, పాటలు వినడానికి నిశ్శబ్దమైన గది కావాలన్నాను నేను.

గది దొరికింది. గట్టు మీద జనరేటర్ షెడ్డుకి ఆనించి కట్టిన పాత మేత గది. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. మేత బస్తాలు వెళ్ళిపోయాయి గాని వాసన మాత్రం ఖాళీ చెయ్యలేదు. "అందులో కూర్చుంటే నిన్ను కూడా రొయ్యలు తినేస్తాయిరా," అంది అమ్మ.

నాన్నగారు పెట్టిన షరతు ఒక్కటే. "పాటలు ఎన్ని పెట్టుకుంటావో పెట్టుకో. ఏరియేటర్లు మాత్రం వినబడాలి. అవి వినబడని గది నా గట్టు మీద ఉండకూడదు."

నా మనసేమో పాతకాలం రూపంలో ఇప్పుడు కొత్తగా చేస్తున్న స్పీకర్ల మీద పడింది. టేకు రంగు చెక్కపెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ. టౌన్లో కొట్టాయన, "గది ఎంతుంటుందండి?" అని అడిగారు. చేతులు చాపి చూపించాను.

"అది గదాండీ, బీరువానా?"

"బీరువా కాదండి. దానికి కిటికీ ఉంది."

ఆయన నవ్వి రెండు జతలు ముందు పెట్టారు. ఒకటి నడుమెత్తు. ఇంకోటి చంకలో పెట్టుకుపోవచ్చు. "చిన్న గదికి చిన్నవే మేలండి. పెద్దవి గోడకి దగ్గరగా పెడితే బాసు, అదే ఆ లోతైన మోత, గదంతా నిండిపోయి మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. అయినా మీ చూపు వాటి మీదే ఉంది లెండి. రెండూ పట్టుకెళ్ళండి. కిటికీ మూసి వినండి. నచ్చినవి ఉంచుకుని రెండోది పంపించెయ్యండి."

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి పగలే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. పంట పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజుకి, దగ్గరపడింది. ఆ చెరువు పోతే మాకు ఆ ఏడాది పోయినట్టే. అందుకే తీర్పు చెప్పడానికి నాన్నగారే స్వయంగా వచ్చారు. ఉన్న ఒక్క కుర్చీలో, పెద్ద స్పీకర్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. కిటికీ మూసి పాట పెట్టాను.

పాడుతున్నావిడ మా మేత గదిలోకే వచ్చి నిలబడ్డట్టనిపించింది. నిలబడ్డానికి చోటు లేదు, అది వేరే సంగతి. నాన్నగారి కళ్ళు మూతపడ్డాయి. పాటకీ పాటకీ మధ్య చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. తల వాల్చి విన్నారు. నీళ్ళ చప్పుడు లోపలికి రావట్లేదు గాని గుయ్యిమని మోటార్ల మోత సన్నగా వస్తూనే ఉంది.

"వినబడుతున్నాయిరా. పర్వాలేదు. పెద్దవే ఉంచేసుకో."

"ఇంకో పాట పెట్టమంటారా?"

"పెట్టు. దానికి అడగడమేంటి?"

అలా అడక్కుండా ఇంకొన్ని పెట్టాను. చివరికి, తెచ్చినందుకు చిన్నవి కూడా వినిపించాలి కదా అని పెద్దవాటి తీగలు పీకాను.

ఏరియేటర్లు ఆగిపోయాయి.

నాన్నగారు కళ్ళు తెరిచి నా చేతిలో ఉన్న తీగ వైపు చూశారు. "ఏం పీకావురా?"

"స్పీకరు తీగే నాన్నగారూ."

అప్పటిదాకా మేం విన్నది మోటార్ల మోత కాదు. స్పీకర్ల మోత. నేను కిటికీ తోశాను. చెరువు అద్దంలా ఉంది. దాని మీద చినుకులు ఒక్కొక్కటే గుండ్రంగా విచ్చుకుంటున్నాయి. చూసినవాళ్ళెవరైనా ఆగి ఫొటో తీసుకునేంత అందంగా ఉంది.

నెత్తిమీద బల్బు వెలుగుతూనే ఉంది. పోయింది మోటార్లకిచ్చే త్రీ ఫేజు. గదికొచ్చే కరెంటు నిక్షేపంలా ఉంది. త్రీ ఫేజు పోతే మోగాల్సిన సైరన్‌లో వారం క్రితమే బల్లి దూరింది. బల్లీ పోయింది, సైరనూ పోయింది.

"ఎప్పుడాగాయిరా?"

"తెలీదు."

"ఎన్నో పాటప్పుడు?" అని అరుస్తూనే షెడ్డులోకి పరిగెత్తారు.

నేను గట్టు దిగి అంచు చూశాను. నీటి మీద మీసాలు. అంచు పొడుగునా సన్నటి ఎర్రటి మీసాలు, వాటి వెనక నల్లటి కళ్ళు, అన్నీ నా వైపే. వేపుడు రూపంలో తప్ప రొయ్యలు నన్ను అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు.

షెడ్డులో హ్యాండిల్ తిరుగుతోంది. జనరేటర్ దగ్గింది, ఊరుకుంది. మళ్ళీ దగ్గింది. "తేలాయా?" అని లోపల్నుంచి గొంతు. నేను వెళ్ళి హ్యాండిల్ మీద నా చేతులూ వేశాను. ఇద్దరం కలిసి తిప్పాక నల్లటి పొగ ఒకటి మా మొహాల మీద వదిలి అది అందుకుంది. ఒక్కో ఏరియేటరూ నీళ్ళు చిమ్మడం మొదలెట్టింది.

వానలో అంచునే నిలబడ్డాం. చాలాసేపు మీసాలు అక్కడే ఉన్నాయి. తర్వాత కొన్ని మునిగాయి. ఇంకొన్ని మునిగాయి. కొన్ని మునగలేదు. నాన్నగారు వాటిని ఏరి గట్టు మీదకి విసిరారు.

చీకటి పడేముందు, మేత తింటున్నాయో లేదో చూసే వల పళ్ళేన్ని తాడు పట్టుకుని పైకి లాగారు. నేను చెరువు వైపు కాకుండా ఆయన మొహం వైపు చూస్తున్నాను. పళ్ళెంలోంచి ఒక రొయ్య ఎగిరి ఆయన కళ్ళజోడుకి తగిలింది. ఆయన దాన్ని తిట్టారు. ఎంత ప్రేమగా తిట్టారంటే, నన్నెప్పుడూ అలా తిట్టలేదు.

ఫోన్లో కొట్టాయన జరిగింది విని, "ఎర్తింగ్ లేదనుకుంటానండి. ఆ గుయ్యిమనే మోత దానిదే. పెద్దవి దాన్ని ఇంకా పెద్దది చేస్తాయి, మీ బీరువాలో అయితే మరీను. చిన్నవాటిలో అంత లోతు పలకదు," అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ వేశాడు. సైరనూ మార్చాడు. పెద్దవి వెనక్కి వెళ్ళిపోయాయి. ఇక పాటల మాట ఎత్తకూడదనే అనుకున్నాను.

ఎత్తింది నాన్నగారే. "ఆ చిన్నవి ఏవీ? పెట్టు." విన్నారు. పాట అవగానే చెయ్యెత్తారు.

"మోత వినబడుతోందిరా."

"హమ్మయ్య."

"హమ్మయ్యేంటి? ఆ రోజూ వినబడింది. కిటికీ తియ్యి."

తీశాను. అది చాలదని కిటికీ రెక్కలు కూడా ఊడదీయించారు. ఇప్పుడు ఆ చిన్న స్పీకర్లు కిటికీకి చెరో పక్కా ఉన్నాయి. వాటి మధ్యలోంచి చెరువు కనబడుతుంది. వాన కొడితే చినుకులు స్పీకర్ల గుడ్డ మీద పడతాయి. గోధుమరంగుకి అప్పుడే నిజంగా పాతకాలం కళ వచ్చేసింది. ఎంత మంచి పాట వచ్చినా నాన్నగారు కళ్ళు మూయరు. నీళ్ళు చిమ్ముతున్నాయా లేదా అని చూస్తూ వింటారు. వెనక నిలబడి నేనూ అంతే.