ఎడంచేత్తో ఇచ్చిన రింగు

దయ్యం కథ చెప్పేవాణ్ణి ముందు టిక్కెట్టు చూపించమనే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

పంతొమ్మిదివందల యాభైల చివర, నరసరావుపేట దాటాక వినుకొండ వైపు ఒక చిన్న స్టేషనులో అసిస్టెంటు స్టేషన్ మాస్టరుగా చేరాను. పెళ్లి కాలేదు. చుట్టూ జొన్నచేలు, బండరాళ్లు. మాట్లాడే మనిషి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దేవసహాయం ఒక్కడే. అతను సెలవు పెడితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

మధ్యాహ్నం హుబ్లీ మెయిలు వచ్చేది. మా దగ్గర ఆగదు. ఒంటిలైను కాబట్టి, ముందు స్టేషను దాకా దారి ఖాళీ అన్నదానికి గుర్తుగా డ్రైవరుకి ఒక ఉక్కు గుండు అందాలి. దాన్ని సంచిలో వేసి, వెదురు రింగుకి కట్టి, పరుగెత్తే ఇంజనుకి ఎత్తి పట్టుకోవాలి. ఫైర్‌మన్ చెయ్యి దూర్చి లాక్కుపోతాడు. అందకపోతే బండి ఆపాల్సిందే. రోజూ రింగు అందించేది దేవసహాయమే. అతనిది ఎడమచేతి వాటం. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒకసారి అతను కాలు విరిగి గుంటూరు ఆసుపత్రిలో చేరాడు. బదులు మనిషి మర్నాడుగాని రాడు. సరిగ్గా ఆ రోజే నాకు చలిజ్వరం. గుండు రింగుకి కట్టి, బండి రావచ్చని సిగ్నలు దించాను. మెయిలు ఆగిందంటే సంజాయిషీ, కొత్త ఉద్యోగం ఊడుతుంది. నా జీతం మీదే అమ్మ బతుకుతోంది. ఒక్క నిమిషమని బల్ల మీద కూలబడ్డాను.

కళ్లు తెరిచేసరికి మెయిలు స్టేషను దాటిపోయింది, పొగ దూరంగా కనిపిస్తోంది. భయంతో చచ్చాను. నా ఒళ్లో పెట్టుకున్న రింగు లేదు. వెనక స్టేషనులో ఇచ్చిందాన్ని ఇంజను మీంచి మాకు విసిరేస్తారు; ఆ పాత రింగు, దేవసహాయం రోజూ తగిలించే మేకుకే వేలాడుతోంది.

రెండ్రోజులకి నరసరావుపేటలో ఆ ఫైర్‌మన్ కనబడితే, రింగు ఎవరిచ్చారని అడిగాను.

“మీ దేవసహాయమే గదండీ. ఎప్పట్లాగే ఎడంచేత్తో.”

ఆదివారం బత్తాయిలు పట్టుకుని గుంటూరు వెళ్లాను. దేవసహాయం కాలికి తొడదాకా కట్టు. చేరినప్పటి నుంచి మంచం దిగలేదని భార్య మరియమ్మ చెప్పింది. నేను నోరు తెరవకముందే అతనే అడిగాడు.

“జరమెట్టా ఉంది బాబుగారూ? ఆ రోజు చానా వొణికిపోయారు.”

జ్వరం సంగతి నేనెవరికీ చెప్పలేదు. అమ్మకి కార్డులో కూడా రాయలేదు. ఎలా తెలిసిందని అడగబోయాను, ఏడుపొచ్చింది. తగ్గిందన్నాను.

ఆ చిన్న లైను పోయింది, ఆ మెయిలు పోయింది, దేవసహాయమూ పోయాడు. అది ఎలా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. ఆ స్టేషనులో ఉన్న మూడేళ్లలో, ఎలా ఉన్నావని నన్ను అడిగిన మనిషి మాత్రం అతనొక్కడే.