నల్లి బొక్క కోసం చేసిన లేసర్

నవ్వుర్రి. కడుపునిండ నవ్వుకోర్రి, తర్వాతనే చెప్త. దసరాకు అత్తగారింటికి పోయినోడు కొత్త బట్టలతోని వస్తడు, నేను గీ మొకంతోని వచ్చిన. గీ వాపు మొన్నటిదాంట్ల సగమే. జనగామల బస్సు దిగుతుంటే కండక్టర్ గూడ జర పక్కకు జరిగిండు. యాదగిరీ, నా చాయ్ సాసర్ల పొయ్యి. గిలాస అంచు పెదవికి తగిలితే పానం పోతుంది.

మీకు తెల్సు గద, నాది మోటర్ వైండింగ్ షాపు. కాలిన మోటర్లు చుట్టుడు నా పని. పని లేనప్పుడు ఏదో ఒకటి ఇప్పి మళ్ల బిగించుడు నా పిచ్చి. ఇంట్ల రేడియో సంగతి మా ఇంటామె విజయనడుగుర్రి, అది పాడినదానికంటే ఇప్పి ఉన్నదే ఎక్కువ. కని ఈ లేసర్ మాత్రం పిచ్చితోని పుట్టింది గాదు, కుళ్లుతోని పుట్టింది. సాఫ్‌గ చెప్తున్న, మీ దగ్గర దాచుడెందుకు.

మా సడ్డకుడు సుధాకర్ ఉన్నడు గద, విజయ చెల్లె మొగడు. మానుకోటల బ్యాంకుల నౌకరి. ఇస్త్రీ అంగీ, మెల్లగ మాట, నేనేమన్నా "అవునన్నా" అంటడు. మనిషి మంచోడు. గదే నాకు మంట. చెడ్డోడైతే తిట్టుకుంట హాయిగ బతుకుదును. అత్తగారింట్ల పెద్దల్లుణ్ణి నేను, ముందుగాల వచ్చింది నేను, మా మామ బాయి మోటర్ కాలితే పెద్దవంగర దాక పోయి చుట్టి బిగించేది నేను. సేమ్యా చేస్తే మాత్రం "చిన్నల్లునికి ఇష్టం" అంటది మా అత్త.

పోయిన దసరా సంగతి చెప్తే మీకు అర్థమైతది. పండుగనాడు ఊర్ల యాటను కోసి ఇంటింటికి పోగులేస్తరు. మా మామ పోగుల ఒక్కటంటే ఒక్కటే నల్లి బొక్క వస్తది. మూలుగ నిండుగున్న ఆ నల్లి ఎవరి పళ్లెంల పడితే ఆ ఇంటికి ఆయనే అల్లుడు, మిగిలినోళ్లు ఉత్త చుట్టాలు. ఎవరూ నోటితోని అనరు గని అందరికి తెల్సు. నా పెండ్లైనకాన్నుంచి అది నాదే.

పోయిన దసరాకు సుధాకర్ ఒక దుబాయి టార్చ్ పట్టుకొచ్చిండు. ఎవరో దోస్తు పంపిండట. తళతళ మెరుస్తది, పెరట్ల నిలబడి కొడితే అవతలి బజార్ల పండుకున్న కుక్క లేచింది. మా మామ దాన్ని రెండు చేతుల్ల పట్టుకొని చిన్న పిలగానోలె ఊరంత తిరిగిండు. బువ్వలప్పుడు అత్త గంటెల నల్లి పెట్టుకొని వచ్చింది. నేను పళ్లెం జర ముందుకు జరిపిన. గంటె నా పళ్లెం దాటింది. టక్కుమని సుధాకర్ పళ్లెంల పడ్డది.

ఆయన దాన్ని జుర్రుతుంటే వచ్చిన సప్పుడు ఏడాది పొడుగూత నా చెవుల్లనే ఉన్నది. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల విజయ ఒకటే తిట్టుడు.

"గింత బొక్క కోసం మొకం గట్ల పెట్టుకుంటవా? సిగ్గనిపిస్తలేదా?"

"బొక్క గాదే, ఇజ్జత్," అన్న.

"నీ ఇజ్జత్ గంటెల పడుతదా?" అన్నది. పక్క సీటాయన నవ్విండు.

అప్పుడే ఓ వారపత్రికల లేసర్ గురించి చదివిన. వెలుగు చెదరకుంట దారం గుంజినట్టు ఒక్క గీతల పోతదట, ఇనుమును గూడ కోస్తదట. ఇనుము కోసుడు నాకెందుకు, ఆ టార్చ్‌ను కోస్తే చాలు అనుకున్న. అసలు లేసర్ల ఏముంటదో ఆ పత్రికోళ్లు సరిగ్గ రాయలే, రాసినా నాకు సమజ్ గాలే. నాకు తెల్సింది నేను పెట్టిన. పాత జీపు హెడ్‌లైట్ డోము దొరికింది. టూరింగ్ టాకీసోళ్లు పక్కకు పడేసిన మిషిన్ అద్దం దొరికింది. రెంటిని బోరు పైపు ముక్కల బిగించి నల్ల రంగేసిన. చేన్ల మందు కొట్టే పంపు పిడి తీసి కింద పెట్టిన, చేతుల పట్టుకుంటే అచ్చం తుపాకే. దానికి ఘోడా గూడ పెట్టిన. ఘోడా గుంజితే ఖట్కా పడి అక్కడనే ఆగుతది, వేలు నొయ్యదు. ఆ ఖట్కా నా సొంత తెలివి, గది యాది పెట్టుకోర్రి.

ఇగ బ్యాటరీ బరువు గద. మోటర్‌సైకిల్ బ్యాటరీని సంచిల పెట్టి, వీపుకు అడ్డంగ బెల్టులు కుట్టించిన. వైర్లు ఎంత గుంజినా ఊడకుంట సోల్డరింగ్ చేసిన. నా షాపుల చేసిన అతుకు ఊడిందని ఇప్పటిదాక ఒక్క రైతు గూడ రాలే.

మొదటిసారి షాపు మీదెక్కి కొట్టిన. రైలు పట్టాల అవతల గోడ మీద పళ్లెమంత వెలుగు గుండ్రంగ నిలబడ్డది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. విజయను పిలిచి చూపిచ్చిన.

"దేనికిది?" అన్నది.

"లేసర్."

"పేరడుగుతలేను. దేనికని."

"వెలుగుకు."

"మా చెల్లె మొగని మీద కుళ్లుకు అని చెప్పరాదు," అనుకుంట కిందికి దిగిపోయింది.

ఈసారి దసరాకు సంచి వీపుకేసుకొని పెద్దవంగరల దిగిన. సుధాకర్ ఎదురొచ్చి సంచి పట్టుకోబోయిండు. ముట్టనియ్యలే. పొద్దుగూకేముందు ఊరంత జమ్మి చెట్టు కాడికి పోయినం, జమ్మి ఆకు బంగారమని పంచుకున్నం, అలాయ్ బలాయ్ తీసుకున్నం. సుధాకర్ నా కాళ్లు మొక్కిండు. మొక్కేటప్పుడు గూడ ఆయన సంకల దుబాయి టార్చ్ ఉన్నది, అదే చూసిన నేను.

అంత అయింది గని పాలపిట్ట కనవడలే. దసరానాడు పాలపిట్టను చూడకుంట ఇంటికి పోవుడు మా మామకు పడది. తుమ్మల దిక్కు చూసిండు, తాళ్ల దిక్కు చూసిండు, చెరువుకట్ట ఎక్కి చూసిండు. పొద్దు గూకింది. మొగులు మీద జర ఎర్రదనం తప్ప ఏం లేదు. "పిట్టను చూడనిది గడప తొక్క," అని మామ కట్ట మీద నిలబడ్డడు. ఆయన పోకపోతే ఊరోళ్లు పోరు, ఊరోళ్లు పోకపోతే ఇంట్ల కూర పొయ్యి మీదనే ఉంటది. సుధాకర్ టార్చ్ తీసి కొట్టిండు. వెలుగు కట్ట కింది దాక పోయి చెదిరిపోయింది.

ఏడాది నుంచి ఎదురుచూసిన ఘడియ అదే. "జరుగుర్రి," అన్న. సంచిల నుంచి లేసర్ తీసి ఘోడా గుంజిన. మొగులుకు గీత కొట్టినట్టు పోయింది వెలుగు. ఊరంత "వామ్మో" అన్నది. మామ నోరు తెరిచిండు. నేను మాత్రం సుధాకర్ మొకమే చూసిన. ఆయన గూడ నోరు తెరిచిండు, అబద్ధమెందుకు.

కట్ట అవతల పెద్ద చింతచెట్టు ఉన్నది. మెల్లగ కొమ్మ కొమ్మకు తిప్పుకుంట పోయిన. నడుమ కొమ్మ కింద నల్లగ ముడుచుకొని ఉన్నది ఒకటి. వెలుగు పడంగనే జర మెరిసింది, జర కదిలింది.

"మామా, పాలపిట్ట," అన్న. "రెక్కలు లేపుతుంది సూడు."

మామ చెప్పులిడిచి రెండు చేతులెత్తి మొక్కిండు. ఆయనను చూసి అందరు మొక్కిన్రు. ముసలోళ్లు కండ్లు మూసుకొని మొక్కిన్రు. నా జన్మల నన్ను గాకపోయినా, నా వెలుగుకు ఊరు మొక్కుడు గదే మొదలు.

సుధాకర్ మెల్లగ నా పక్కకొచ్చిండు. చెవుల చెప్పిండు, "అన్నా, గంత పెద్ద పిట్ట ఉంటదా? లైట్ జర పక్కకు తియ్యరాదు."

చూసినవా, ఓరుస్తలేడు అనుకున్న. ఇన్నొద్దులు నేను ఓర్సుకోలేదా? నువ్వు గూడ ఓర్సుకో బిడ్డా. రెండు చేతులతోని పట్టుకొని ఇంక కదలకుంట అక్కడనే కొట్టిన.

పిట్ట కారుడు మొదలుపెట్టింది. నిజంగ, నల్లగ కిందికి కారింది. కారి, నా వెలుగు గీత పట్టుకొని సీదా నా దిక్కే వచ్చింది. గుయ్యిమని సప్పుడు. గది పిట్ట గాదు, పెద్ద తేనెపట్టు. చీకట్ల ఈగలకు వెలుగు కనవడితే అటే వస్తయట, గది తర్వాత చెప్పిన్రు నాకు.

ఊరంత ఒక్కటే ఉరుకుడు. మొక్కిన చేతులు దించకుంటనే ఉరికిన్రు కొందరు. "అన్నా, లైట్ బంద్ చెయ్," అని సుధాకర్ ఒర్రుతుండు. ఎట్ల బంద్ చెయ్యాలె? ఖట్కా పడి బిగుసుకపోయింది. నా సొంత తెలివి, వేలు నొయ్యదని పెట్టింది, గుద్దినా ఊడలే. ఇసిరేద్దామంటే వైరు వీపు మీద బ్యాటరీకి ఉన్నది. గుంజిన. నా సోల్డరింగ్ గద, ఊడుతదా? సంచి ఇప్పుదామంటే బెల్టులు అడ్డం. నేను ఉరికితే వెలుగు నాతోనే ఉరికింది, వెలుగుతోని ఈగలు ఉరికినయి. ఎవరి దిక్కు పోతే ఆళ్లు "మా దిక్కు రాకు" అని బండలు చూపెట్టిన్రు. కన్నతల్లి ఉన్నా గదే అనేది.

ఆఖరుకు పొలం కాలువల బోర్ల పడ్డ. లేసర్ బురదల కూరుకపోయి ఆరిపోయింది. అప్పుడు నా మీద ఏదో బరువుగ పడ్డది. గొంగడి. కట్ట మీద ఎవరో ఇడిచిపోతే సుధాకర్ పట్టుకొని నా ఎన్కనే ఉరికొచ్చిండట. నా మీద కప్పి, తను గూడ అండ్లనే దూరి నన్ను పట్టుకొని పండుకున్నడు. ఈగలు పోయినంక లేచి చూస్తే నేను గుమ్మడికాయనైన, ఆయనకు ఒక్కటంటే ఒక్క ఈగ కుట్టలే. ఆ నొప్పిల గూడ నాకదే మనసుల పడ్డది. గిక్కడ గూడ అదృష్టం ఆయనదేనా అని.

డాక్టర్ సూదేసిండు. మా అత్త సున్నం రాసుకుంట ఏడ్చింది. మామకు చెవు మీద ఒక్కటే కుట్టింది గని ఏమనలే, "పిట్ట కనవడలే గద ఈసారి," అన్నడు అంతే. నా రెండు కండ్లు మూసుకపోయినయి, పెదవులు ముక్కు దాక వచ్చినయి, వేళ్లు ముడువరావు. అందరి నడుమ గోడకు ఆనిచ్చి కూసుండవెట్టి పళ్లెం ముంగట పెట్టిన్రు. టక్కుమని సప్పుడైంది.

విజయ నా చెవుల చెప్పింది, "మా అమ్మ నీకే వేసింది, నల్లి. కండ్ల నిండ చూసుకో."

కండ్లేవి? చెయ్యి పెట్టిన, వేళ్ల సందుల నుంచి జారింది. మూతి కాడికి తెచ్చిన, పెదవి మధ్యల అడ్డం. నల్లి బొక్క నా పళ్లెంల ఉన్నది, నేను దాని ముంగట ఉన్న, ఇద్దరి నడుమ దారి లేదు. ఇంతల ఎవరో దాన్ని మెల్లగ తీసుకున్నరు. పళ్లెం అంచుకు టక్ టక్ కొట్టి, మూలుగ బువ్వల కలిపి, ముద్ద చేసి నా నోట్లె పెట్టిన్రు. చెయ్యి సబ్బు వాసన పట్టి తెల్సింది, సుధాకర్.

"తిను అన్నా. నీ లైట్ మాత్రం జబర్దస్త్ ఉందే. నా టార్చ్ ఆ చెట్టుకు సగం దూరం గూడ పోదు," అన్నడు.

ఏడాది నుంచి ఎదురుచూసిన మాట. అందరి ముంగట అన్నడు, నవ్వకుంట అన్నడు. నోట్లె మూలుగ, చెవుల్ల ఆ మాట. ఇంతకంటే ఏం గావాలె మనిషికి. నమిలిన. మళ్ల నమిలిన. ఏం తెలుస్తలేదు. నాలుక మీద గూడ ఒకటి కుట్టిందట, మొద్దుబారిపోయింది.

సిగ్గిడిచి ఆయన్నే అడిగిన, "నల్లి ఎట్లుందిర తమ్మీ, నాకు తెలుస్తలేదు."

వేళ్లు నాకిన సప్పుడైంది.

"పోయినసారి లెక్కనే ఉందన్నా," అన్నడు.