పెనుకొండ మెకానిక్, మా అమ్మ డిస్కు

పొద్దున ఏడు గంటలకు ఫోను మోగింది. పెనుకొండ రేడియో మెకానిక్ కూతురు. "మేడమ్, నాయన పోయినాడు. తెల్లారి చూస్తే ఊపిరి లేదు, నిద్రలోనే పోయినాడు" అంది. నేనేదో అనబోయేలోపు అవతల ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేసింది.

చదివేవారి దగ్గర ఒక విషయం దాచకూడదు. ఆ క్షణంలో నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. ఆయన బల్లమీద విప్పి ఉన్న నా మినీడిస్క్ ప్లేయరు, అందులో ఇరుక్కుపోయిన డిస్కు. మా అమ్మ గొంతు ఈ లోకంలో ఆ ఒక్క డిస్కులోనే ఉంది. ఇరవై ఏళ్లు నన్ను ఆదుకున్న మనిషి పోయాడని వింటూ నేను నా వస్తువును తలుచుకున్నాను. తర్వాత చాలాసేపు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. డెబ్బై నాలుగేళ్లు వచ్చాక మనిషికి తన గురించి కొత్తగా తెలిసే సంగతులు ఉండకూడదు. ఉంటాయి.

మినీడిస్క్ అంటే ఈ తరానికి తెలియదు. అరచేతిలో ఇమిడే చదరపు డబ్బీ, దాని లోపల చిన్న వెండి బిళ్ల. కోట్ జేబులో పట్టే ప్లేయరులో పెడితే పాడుతుంది. మైకు తగిలిస్తే రికార్డు కూడా చేస్తుంది. సెల్‌ఫోనులు ఇంకా మాట్లాడటానికే పనికొచ్చే రోజుల్లో నేను బెంగళూరు వెళ్లి ఒకటి కొనుక్కున్నాను. హిందూపురంలో చరిత్ర చెప్పే లెక్చరర్‌ని, పెళ్లీ గిళ్లీ లేనిదాన్ని. ఇది నీకెందుకని అడిగే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

అమ్మ అప్పుడు ధర్మవరంలో, నేతవీధిలో అద్దెకుంటున్న మా చెల్లెలి ఇంట్లో ఉండేది. ఒక ఆదివారం ఆమెను గోడవారన కూర్చోబెట్టి మైకు ముందు పెట్టాను. బ్యాటరీ మిగులుతుందని దాన్ని తీసేసి, ప్లేయరును గోడ ప్లగ్గుకే తగిలించాను. అమ్మ మొదట మైకును అనుమానంగా చూసింది, తర్వాత దాన్ని మరిచిపోయింది. నలభై నిమిషాలు మాట్లాడింది. నల్లమాడ దగ్గర మా చేను, శనక్కాయలు మొలవని సంవత్సరం, మా నాయన మొండితనం. "నిన్ను కాలేజీకి పంపుతానని మీ నాయన అంటే ఊరంతా నవ్వినారు మే. నేనొక్కదాన్నే నవ్వలేదు. నాకు నవ్వేకి తీరిక యాడుండె?" అంది.

ఆమె ముగించగానే నేను ఆపు బొత్తాం నొక్కి, మరుక్షణం ప్లగ్గు పీకేశాను.

మా ప్రాంతం వాళ్లకు ఇది రక్తంలో ఉన్న అలవాటు. వోల్టేజీ ఎప్పుడు ఎగురుతుందో, ఏ వస్తువు కాలుతుందో తెలియక, పని అయిందంటే చాలు, టీవీ గానీ మిక్సీ గానీ ప్లగ్గు పీకి తీగ చుట్టేస్తాం. జాగ్రత్తపరులమని దాన్ని గొప్పగా కూడా చెప్పుకుంటాం. నేను తీగ చుట్టేటప్పుడు ప్లేయరు మీది బుల్లి తెరలో ఏవో అక్షరాలు మినుకుమినుకుమన్నాయి. పట్టించుకోలేదు. హిందూపురం వచ్చి పెడితే, డిస్కు ఖాళీ అని చూపించింది. సరే, వచ్చే నెలలో మళ్లీ మాట్లాడించుకుందాం అనుకున్నాను. మూడు వారాలకు అమ్మ పోయింది.

హిందూపురంలో చూపించాను, బెంగళూరులో చూపించాను. ఏమీ లేదన్నారు. చివరికి ధర్మవరంలో ఒక క్యాసెట్ల దుకాణం ఆయన, "పెనుకొండకు పోండి మేడమ్. కువైట్ నుంచి వచ్చినోళ్లు ఈ డబ్బీలు తెచ్చి ఆయప్ప దగ్గరే పడేస్తారు" అన్నాడు.

బస్టాండుకు దగ్గరలో ఇరుకు గది. గోడ నిండా రేడియోలు, నడుమ ఒక దీపం, దీపం కింద వంగిన బట్టతల. ఆయన డిస్కును వెలుగుకు పెట్టి చూసి, జరిగిందంతా చెప్పించుకుని, తల ఎత్తాడు.

"ప్లగ్గు ఎవురు పీకినారు మేడమ్?"

"నేనే."

"చదువుకున్నోళ్లే పీకుతారు. చదువు లేనోళ్లు భయపడి ముట్టుకోరు."

నా జీవితంలో నన్ను అంతమాట అని, నా ఎదుట కూర్చునే ధైర్యం చేసిన మొదటి మగవాడు ఆయన. లేచి వచ్చేయాల్సింది. కానీ ఆ తర్వాతి మాట నన్ను కూర్చోబెట్టింది.

"మీ అమ్మ మాటలు ఆడనే ఉండాయి. యాడికీ పోలేదు. ఏ మాట యాడుందో చెప్పే మొదటి పేజీ ఒకటుంటాది, అది రాసేలోపల మీరు పుస్తకం లాక్కున్నారు. అంతే."

ఆ మొదటి పేజీని తిరిగి రాయడానికి ఒక ఉపాయం ఉందని ఆయన ఎక్కడో విన్నాడు. దాని గురించిన ఇంగ్లీషు కాగితాలు ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు వేయించి తెచ్చుకున్నాడు గానీ ఆయన పదో తరగతితో ఆగినవాడు. నేను చదివి తెలుగులో చెప్పాను. ఇంకొక డిస్కును నిండుగా రికార్డు చేయాలి. యంత్రం దానికి మొదటి పేజీ రాయబోయే ముందు, మూత తెరిచిన సంగతి యంత్రానికి తెలియనివ్వకుండా, ఆ డిస్కు తీసి నాది పెట్టాలి. అప్పుడు ఆ పేజీ నా డిస్కు మీద పడుతుంది. మూత కింద ఉండే సన్నని స్విచ్చును అగరుబత్తి పుల్లతో నొక్కి పట్టాలన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అది ఆయన కనిపెట్టిందే.

"చేసేయప్పా మరి" అన్నాను.

"మీ అమ్మ మీద నేను పని నేర్చుకోను మేడమ్. నా వాటి మీద నేర్చుకుంటా."

ఆయనవి అంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఆయన వానలను రికార్డు చేసేవాడు. రిపేరు పని మీద ఎక్కడికి పోయినా చొక్కా జేబులో ప్లేయరు ఉండేది. వాన పడితే ఏదో ఒక వసారా కింద నిలబడి మైకు బయటికి పెట్టేవాడు. డబ్బీల మీద వంకర అక్షరాలతో పేర్లు: గాండ్లపెంట వాన. నల్లమాడ వాన, రేకుల మీద. ఎర్రమంచి వాన, కార్ల ఫ్యాక్టరీ రాకముందు. ఎండాకాలంలో దుకాణం మూసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని అవి వినేవాడు. "వాన లేని ఊర్లో పుట్టినోడికి ఇది అన్నం మాదిరి మేడమ్" అనేవాడు.

నా డిస్కును ముట్టుకునే ముందు ఆయన ఆ వాన డిస్కుల మొదటి పేజీని తానే, కావాలని చెరిపి, తిరిగి తెప్పించడం నేర్చుకున్నాడు. రెండు నెలల తర్వాత నేను వెళ్తే, "నాలుగు వానలు పోయినాయి. ఐదోది నిలబడింది. ఇంగ మీది పెడతా" అన్నాడు. ఆ నాలుగూ ఏ ఊరివని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

అమ్మ గొంతు తిరిగి వచ్చిన రోజు ఆయన ఇయర్‌ఫోన్లు నా చేతికిచ్చి, చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. అది ఆయన పద్ధతి. ఎవరి డిస్కు బాగుచేసినా మొదట వినేది సొంతదారే. వచ్చిందో లేదో ముందు నువ్వు చూడాలి కదా అని నేనంటే, "వచ్చినట్టు మీ మొగం చెప్తాది గదా" అన్నాడు. నేను బయటికి వచ్చేసరికి రెండు టీలు తాగి, మూడోది నా కోసం పట్టుకుని నిలబడ్డాడు. నా ముఖం చూసి టీ చేతికిచ్చాడు.

ఆ తర్వాత నెలకోసారైనా పెనుకొండ వెళ్లడం అలవాటైంది. ప్లేయరులో డిస్కును చదివే కటకం తుడిపించుకోవడం ఒక నెపం. ఇయర్‌ఫోన్ల విషయంలో ఆయనది పెద్ద పట్టుదల. చెవిలోకి దూర్చే రబ్బరు వాటిని ఒప్పుకునేవాడు కాదు. "చెవికి బిరడా కొడితే బయట లోకం అలుగుతాది" అని, స్పాంజి తొడుగుల పాత రకమే ఇచ్చేవాడు. తొడుగులు చిరిగితే తనే కత్తిరించి కుట్టేవాడు. తీగ నడుమ ఉండే చిన్న రిమోటును కాలరుకు గుచ్చుకుని, తెర మీద పాట సంఖ్య మారుతుంటే పసివాడిలా మురిసిపోయేవాడు. డిస్కు లోపలికి పోయేటప్పుడు టక్కుమనే ఆ శబ్దం కోసమే దాన్ని మూడుసార్లు తీసి పెట్టడం నేను చూశాను. కువైట్ నుంచి ఎవరో తెచ్చిన ప్లేయరు ఒకదానికి చిన్న కెమెరా కూడా ఉండేది. ఏ యంత్రం విప్పినా, ఒక్కో మర తీసేముందు ఆ కెమెరాతో ఫోటో తీసుకునేవాడు.

"ఫోనుతో తీయొచ్చు కదప్పా, ఇంకా బాగా వస్తుంది" అన్నానొకసారి.

"ఫోను మోగుతాది మేడమ్. మోగితే చెయ్యి వణుకుతాది. ఇది నోరు మూసుకుని చూస్తాది."

మా ఇద్దరికీ ఒకే ఒక్క తగవు. డిస్కులు శాశ్వతం కాదు, అమ్మ మాటలు కంప్యూటరులోకి ఎక్కించుకోండని ఆయన ప్రతి ఏడూ చెప్పేవాడు. నేను వద్దనేదాన్ని. కంప్యూటరులో చేరింది ఫోనుల్లోకి పోతుంది. మా చెల్లెలి పిల్లలు దాన్ని ముక్కలు చేసి, వెనక సంగీతం కలిపి, ఊరంతా పంచుతారు. మా అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ ఒకరి గడప తొక్కని మనిషి. ఆమె గొంతు మాత్రం పిలవని చోటికి ఎందుకు పోవాలి?

"మీ పంతం గట్టిదే మేడమ్, ఆ కటకం మాత్రం గట్టిది కాదు" అనేవాడాయన. అంతకు మించి ఒత్తిడి చేయలేదు.

పోయిన నెలలో ప్లేయరు గరగరమని ఆగిపోయింది. డిస్కు లోపలే ఉండిపోయి, మూత రాలేదు. తీసుకెళ్తే, ఊపి విని, "పది రోజులాగండి. దీన్ని బయటికి తీస్తా. ఈసారన్నా కాపీ పెట్టుకుందామా?" అన్నాడు. "ముందు బయటికి తియ్యప్పా, తర్వాత చూద్దాం" అన్నాను. అవే మేము మాట్లాడుకున్న చివరి మాటలు.

కానీ ఆయన చివరి పిలుపు అది కాదు. పోవడానికి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను చేశాడు. రెండు నుంచి నాలుగు వరకు నేను ఫోను ఎత్తను. అది నా నియమం, ఆయనకూ తెలుసు. నాలుగింటికి చూసుకున్నాను. అవసరమున్నవాళ్లు మళ్లీ చేస్తారన్నది నా ఇంకొక నియమం.

ఆయన పోయిన రోజున పెనుకొండ వెళ్లాను. దండ వేసి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేశాను. డిస్కు మాట ఎత్తలేదు. హిందూపురం బస్సులో మాత్రం అదే ఆలోచన. దుకాణం ఖాళీ చేస్తే పాత సామాన్లవాడు ముందుగా మూటగట్టేది అలాంటి విప్పిన యంత్రాలనే.

దినాలు అయిన మరునాడు ఆ అమ్మాయే ఫోను చేసింది. ఎర్రమంచి ఫ్యాక్టరీలో ఉద్యోగం, సెలవు ఆ ఒక్కరోజే ఉందట. వెళ్లేసరికి దుకాణం ఊడ్చి, దీపం వేసి పెట్టింది. బల్లమీద నా ప్లేయరు ముక్కలు ముక్కలుగా ఉంది. పక్కన తెల్ల గుడ్డ మీద, గీత కూడా పడకుండా, డిస్కు.

"ముందురోజే తీసినాడు మేడమ్. మీకు ఫోన్ చేసినాడంట."

"చూశాను. డిస్కు తీశానని చెప్పేందుకేనా?"

"అదొకటి. కాపీ చేసుకోనా అని అడిగేకి. నీ దగ్గరే ఉంది గదా నాయనా, చేసేయి, మళ్ల చెప్పచ్చు అంటి. మేడమ్ ఊ అనాల, అది వాళ్లమ్మ అన్నాడు." ఆ అమ్మాయి డిస్కు వైపే చూస్తూ అంది, "నాయన ప్లేయర్లలో ఒకటే ఆడతాంది ఇప్పుడు. అదీ ఎన్నాళ్లో తెలీదు. మీరు ఊ అంటే చేస్తా. ఆయన చేస్తాంటే చూసినా."

నా గొంతు నాకే వినిపించలేదు. అందుకని రెండోసారి అన్నాను. "పెట్టమ్మా."

ఆ ప్లేయరుకు ఉన్నది ఒకటే రంధ్రం, ల్యాప్‌టాప్‌కూ ఒకటే. ఇయర్‌ఫోన్లు తగిలిస్తే కాపీ కాదు. ల్యాప్‌టాప్ తీగ తగిలిస్తే మనకు వినపడదు. ల్యాప్‌టాప్ స్పీకరు పోయి నెలైందట. "నాయన చేసిస్తానన్నాడు" అని, తీగ తీసి తగిలించింది.

డిస్కు టక్కుమని లోపలికి పోయింది. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ల్యాప్‌టాప్ తెర మీద చదునైన గీత ఒక్కసారి లేచి, ముళ్లకంపలా పైకీ కిందికీ ఊగసాగింది. మా అమ్మ మాట్లాడుతోంది. ఎంత నిడివి మాటలో అంతసేపూ కూర్చోవాలి. దీనికి తొందర లేదు. ఇద్దరం రెండు స్టూళ్ల మీద కూర్చుని, శబ్దం లేని ఆ మాటలను చూస్తూ ఉన్నాం. బయట ఎవరో వచ్చి "అంగడి తీసినారా?" అని అడిగి, మమ్మల్ని చూసి వెళ్లిపోయారు.

పదిహేను నిమిషాలు దాటాక గీత ఉన్నట్టుండి చదునైపోయింది. ఎంతకూ లేవలేదు. ఆ అమ్మాయి దిగ్గున లేచి నిలబడింది. "ఆగిపాయనా మేడమ్? నేనేమన్నా తప్పు చేసినానా?" చెయ్యి తీగ మీదికి పోయింది.

ఆ చోటు నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నానో.

"ఏం కాలేదు, కూర్చో" అన్నాను. "ఆడ మా అమ్మ పాలు పొంగుతాండాయని లేచి పోయింది. వీధిలో మగ్గాలు గూడా అన్నానికి ఆగినాయి. అందుకే అంత నిశ్శబ్దం. వస్తాది."

ఆ అమ్మాయి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. గీత అట్లే, గుడ్డ పరిచినట్టు, సాగిపోతూ ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ ఎదురుచూశాం.