తవ్వినవాళ్ల పేర్లు

నిన్న ఖతర్‌లోని లుసైల్ నగరంలో వాన పడింది. ఆఫీసు కిటికీ తీయగానే తడిసిన ఇసుక వాసన లోపలికొచ్చింది. ఉప్పూ సున్నమూ కలిసిన ఆ వాసనకు మల్లేశం గారు గుర్తొచ్చారు. జగిత్యాల వైపు పల్లె నుంచి ఖతర్‌కు కూలీగా వచ్చి, ఉత్తర తీరంలో మేము తవ్విన పాత ముత్యాల జాలర్ల ఊరి దగ్గర మేస్త్రీ అయిన మనిషి. నేను గుంటూరులో పురావస్తు శాస్త్రం చదివి, తవ్వకాల వివరాలు రాసే ఉద్యోగానికి వచ్చాను. చదువు నాది, చాకిరీ ఆయనది అనుకునేవాణ్ణి.

మొదటి వారంలోనే ఆ గర్వం దెబ్బతింది. దీపక్ అనే నేపాలీ కార్మికుడు గోడ వారన మట్టి తీస్తూ ఆగిపోయాడు. మల్లేశం గారు వంగి చూసి నన్ను పిలిచారు.

"సార్, గీడ మన్ను రంగు మారింది. దీపక్ పట్టిండు. ఇగ పార వద్దు, బ్రష్షే."

నాకు తేడా ఏమీ కనిపించలేదు. "టైం లేదండీ, కానివ్వండి" అన్నాను. ఆయన పార మీద కాలు పెట్టి కదలకుండా నిలబడ్డారు. మధ్యాహ్నానికి అక్కడ ఒక పొయ్యి బయటపడింది. బూడిదలో చేప ముళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ ఏడాది మాకు దొరికినవాటిలో అదే గొప్పది. సాయంత్రం నివేదికలో నేను రాసిన వాక్యం: "తవ్వకాల డైరెక్టర్ గారి బృందం కనుగొన్నది."

శుక్రవారం, కార్మికులు సెలవునాడు చేరే ఏషియన్ టౌన్ బజారులో చాయ్ తాగుతుంటే మల్లేశం గారు అడిగారు. "పొయ్యి ఎవరు పట్టిండ్రని రాసిండ్రు సార్?" చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. కప్పు పక్కన పెట్టి తన ఊరి సంగతి చెప్పారు.

"మా గుట్ట కాడ రాకాసి గుళ్లుండె. పెద్ద పెద్ద బండల సమాధులు. మా తాతకు తాత ఉన్నప్పుడు తెల్లదొర వచ్చి తవ్విచ్చిండట. పుర్రెలు, కుండలు పెట్టెలల్ల పెట్టి లండన్ పంపిండు. ఇవి మీ పెద్దలు కట్టినయి కావు, మీకంత తెలివి యాడిది అన్నడట. ఆ బండ ఎట్ల లేపాల్నో దొరకు చెప్పింది ఆ తాతనే."

అలాంటి దొరల నివేదికలను కాలేజీలో భక్తిగా చదివాను. నేలను కొలిచి శిస్తు విధించిన అధికారులే తీరిక వేళల్లో సమాధులు తవ్వించారు. కుండ మూతి వెడల్పు అరంగుళం తేడా లేకుండా రాశారు. తవ్వినవాళ్లను "నలభై మంది కూలీలు" అని వదిలేశారు. వస్తువులు ఓడెక్కాయి. అవి ఎవరివో తేల్చే అధికారమూ వాటి వెంటే వెళ్లింది. ఆ రాత అలవాటు నా చేతికీ అబ్బిందని ఆ చాయ్ బల్ల దగ్గర తెలిసి సిగ్గేసింది.

నివేదిక అచ్చుకు వెళ్లే ముందు కార్మికులందరి పేర్లూ చేర్చాను. మమ్మల్ని పనిలో పెట్టిన కంపెనీ మేనేజర్ చూసి, "లేబర్ సంగతి నీకెందుకు? వచ్చే నెల నీ కాంట్రాక్ట్ అయిపోతోంది, గుర్తుందా?" అన్నాడు. భయపడుతూనే డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమె యూరప్ నుంచి వచ్చిన ప్రొఫెసర్. కాగితం మీది పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చదివారు. "ఇన్నేళ్లలో ఎవరూ ఇది అడగలేదు. నాకూ తట్టలేదు" అన్నారు.

పేర్లు అచ్చయ్యాయి. పొయ్యి ఫొటో కింద దీపక్ పేరు పడింది. నా కాంట్రాక్ట్‌ను మాత్రం కంపెనీ పొడిగించలేదు. మరో చోట పని దొరికేదాకా రెండు నెలలు స్నేహితుడి గదిలో తలదాచుకున్నాను.

అప్పటికి మల్లేశం గారు మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోయారు. ఆ పేజీ ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశారు.

"సూసిన సార్. మల్లేశ్ అని పడ్డది, నేను మల్లేశం. పోనీ తీయుండ్రి. దీపక్‌ది మంచిగ పడ్డది."

ఫోన్ పెట్టేసే ముందు, "బండలు లేపిన ఆ తాత పేరు గూడ గిట్ల ఏ బుక్కులనన్న ఉంటే, మా మనవరాలితోని సదివిచ్చుకుందును" అన్నారు.

ఇప్పుడు ఎక్కడ తవ్వకం మొదలైనా, కొలతలకన్నా ముందు పేర్లు రాసుకుంటాను. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరు ఎలా పలకాలో అడుగుతాను. రాసింది వాళ్లకే చదివి వినిపించి, అవునన్నాకే మట్టి మీద చెయ్యి వేయనిస్తాను.